పాపకు ఐక్యూ 82 వచ్చింది, నిజంగా తెలివి తక్కువేనా?

మూడో తరగతి చదివే మీ పాపకు ఐక్యూ టెస్టులో 82 వచ్చిందని, దాన్ని నమ్మాలా, అసలు తెలివిని కొలవడం కుదిరే పనేనా అని అడిగారు. మీ ప్రశ్న చదవగానే ఆరేళ్ల కిందటి మా ఇల్లు కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు మా బాబుకీ ఎనిమిదేళ్లే. చదువులో వెనకబడుతున్నాడు, టెస్టు చేయించుకు రండి అని స్కూల్లో అన్నారు. చేయిస్తే 76 అని రాసిన ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. ఆ రాత్రి నేనూ మా ఆయనా అన్నం తినలేదు.

ముందు మీ టెన్షన్ కాస్త తగ్గే మాట. ఈ టెస్టుల్లో సగటు 100 వచ్చేలా అమరుస్తారు, నూటికి సుమారు 68 మంది 85కీ 115కీ మధ్యలో ఉంటారు. మీ పాప ఆ మధ్య గుంపుకి కొంచెం కింద ఉంది, అంతే. ఇంకో రోజు కూర్చోబెడితే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలే. మేధో వైకల్యం అనాలంటే అంకె సుమారు 70 కంటే తగ్గడం ఒక్కటే చాలదు, తనంతట తాను స్నానం చేయడం, డబ్బులు లెక్కపెట్టుకోవడం, వీధి చివర కొట్టుకెళ్లి రావడం లాంటి రోజువారీ పనులు కూడా వయసుకు తగ్గట్టు లేవని తేలాలి.

మా బాబు విషయంలో ఏం జరిగిందో చెప్తాను. మొదటిసారి ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో అడిగారు. వాడిది ఇంగ్లీష్ మీడియమే గానీ ఇంట్లో మాటలు, వీధిలో ఆటలు, అలిగితే ఏడుపు, అన్నీ తెలుగులోనే. వేలు తెగితే ఏం చేయాలి అనే ప్రశ్నకు నోరు విప్పలేదు, సున్నా పడింది. ఏడాది ఆగి హైదరాబాద్‌లో ఇంకో సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ అలాంటి ప్రశ్నే తెలుగులో అడిగారు. "నీళ్ల కింద పెట్టి కడిగి, పసుపు అద్ది, గుడ్డ కట్టాలి. రక్తం ఆగకపోతే అమ్మను పిలవాలి" అని గడగడా చెప్పేశాడు. తలుపు బయట కుర్చీలో కూర్చుని విన్న నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఆవిడ ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు, ఏ భాగంలో ఎంత వచ్చిందో పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. రంగురంగుల ఘనాలు పేర్చి కార్డు మీదున్న డిజైన్ తయారు చేయడంలో వాడు వయసుకి మించే ఉన్నాడు. విన్న అంకెలను వెనక నుంచి తిరిగి చెప్పమంటే మాత్రం రెండు దాటలేదు, అంటే చెవిన పడ్డది కాసేపు బుర్రలో నిలుపుకుని దానితో పని చేయడం వాడికి కష్టం. అప్పుడు అర్థమైంది నాకు. "పుస్తకం తీసి, 42వ పేజీలో మూడో లెక్క చేసి, అయ్యాక డైరీ రాసుకో" అని టీచర్ ఒక్క గుక్కలో చెబితే వీడికి పుస్తకం తీయడం వరకే మిగులుతోంది, మిగతాది జారిపోతోంది, అందరూ దాన్ని మొద్దుతనం అనుకుంటున్నారు. టీచర్‌ని బతిమాలి ఒకసారికి ఒక్క మాటే చెప్పించాం, మిగతాది బోర్డు మీద రాయించాం. అద్భుతాలేమీ జరగలేదు గానీ లెక్కల్లో పాసవుతున్నాడు, పొద్దున్నే కడుపునొప్పి అని ఏడవడం పోయింది.

నిజానికి ఈ టెస్టు పుట్టిందే ఇందుకు. 1905లో ప్యారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ దాన్ని తయారు చేసింది ఏ పిల్లలకు చదువులో అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి. తెలివి ఎప్పటికీ మారని కొలత అనే మాటను బినే ఒప్పుకోలేదు. ఆయన పోయాక, 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని మార్చి రాసి, మానసిక వయసును (ఏ వయసు పిల్లలు చేసే ప్రశ్నల దాకా చేయగలిగారో ఆ వయసును) అసలు వయసుతో భాగించి వందతో గుణించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. అక్కడి నుంచి సాయం పక్కకు పోయి అంకె ముందుకొచ్చింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అదే టెర్మన్ 1921 నుంచి ఎక్కువ ఐక్యూ ఉన్న పిల్లల్ని పదిహేను వందల మందికి పైగా ఏరి వాళ్ల జీవితాలను గమనించాడు. ఆ వడపోతలో నిలవని ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఏరిన వాళ్లలో ఒక్కరికీ రాలేదు.

అలాగని టెస్టు అబద్ధం అనను. ఒక రకం ప్రశ్నల్లో బాగా చేసేవాళ్లు మిగతా రకాల్లోనూ సాధారణంగా బాగానే చేస్తారని ఇంగ్లండ్ సైకాలజిస్టు స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు, స్కూలు మార్కులతో దానికి సంబంధం ఉంది కూడా. అమెరికా సైకాలజిస్టు హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో చెప్పిన రకరకాల తెలివితేటల సిద్ధాంతం, సంగీతానిది వేరు, శరీరానిది వేరు అనేది, నన్నూ కొన్నాళ్లు ఓదార్చింది గానీ అవి నిజంగా విడివిడి తెలివితేటలని చూపే రుజువులు బలంగా లేవు. దాన్ని పట్టుకుని అసలు ఇబ్బందిని వదిలేయకండి.

నన్ను బాగా కదిలించింది బ్రెజిల్‌లో, రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద జరిగిన పరిశోధన, 1985లో అచ్చయింది. ఒక్కోటి 35 క్రుజైరోల (అప్పటి బ్రెజిల్ డబ్బు) చొప్పున పది కొబ్బరికాయలెంత అని అడిగితే పన్నెండేళ్ల పిల్లాడు, మూడు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి, 315, మొత్తం 350 అని నోటితోనే తేల్చాడు. బేరం దగ్గర ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు ఉత్త అంకెలుగా కాగితం మీదిస్తే 37. మా నాన్న తాపీమేస్త్రి, స్థలం చుట్టూ ఒకసారి నడిచొచ్చి ఇన్ని ఇటుకలు పడతాయని చెప్పేవాడు, సంతకం మాత్రం కష్టం మీద చేసేవాడు. మా బాబుకి మొదటిసారి టెస్టు పెట్టిన ఆ గదిలో ఆయన్ని కూర్చోబెట్టి ఉంటే ఏ అంకె వచ్చేదో ఊహించుకోవడానికే నాకు బాధ.

ఇక మీరు చేయాల్సింది. మళ్లీ టెస్టు వెంటనే వద్దు, ప్రశ్నలు గుర్తుండి అంకె పెరుగుతుంది. తర్వాత చేయిస్తే పాప ఇంట్లో మాట్లాడే భాషలోనే చేయమనండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అక్కడ కూడా చూస్తారు. కానీ అన్నిటికంటే ముందు, ఇప్పుడు చేసిన వాళ్ల దగ్గరికే వెళ్లి ఒక్కో భాగంలో ఎంతొచ్చిందో రాసివ్వమని అడగండి. ఆ 82 వాటిని బట్టే లెక్కగట్టారు కాబట్టి ఆ పేజీ వాళ్ల ఫైల్లో ఉంటుంది.