కవిత ముందా, కళావతి ముందా?

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయ సభ్యుల పేర్లను తెలుగులోనే నమోదు చేసి, అకారాది క్రమంలో చూపే చిన్న ప్రోగ్రామును జావాస్క్రిప్టులో రాశాను. అందులో కవిత కంటే కళావతి ముందుగా వస్తున్నది. పైగా రాజేష్ అనే పేరు తెరపై కనిపిస్తున్నా, వెతికితే దొరకడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: పేర్లను క్రమంలో పెట్టడానికి మీరు వాడిన ‘సార్ట్’, ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన సంఖ్యలనే పోలుస్తుంది. అక్కడ ల 3122, ళ 3123, వ 3125. బడిలో ‘య ర ల వ శ ష స హ ళ’ అని వల్లించిన మనకు ళకారం హకారం తరువాతిది కనుక, కవిత ముందుండాలని మీరు కోరడం న్యాయమే. భాషానియమాల ప్రకారం పదాలను పోల్చే జావాస్క్రిప్టు సాధనమైన ‘ఇంటల్ కొలేటర్’ను తెలుగు భాషాసంకేతంతో సృష్టించి, దానిలోని పోల్చే ఆదేశం ‘కంపేర్’ను సార్ట్‌కు అందిస్తే మన వర్ణక్రమమే వస్తుంది.

రాజేష్ విషయం ఇంకా సూక్ష్మమైనది. ‘రాజేష్‌కుమార్’ అని టైపు చేసేటప్పుడు ‘ష్కు’ అనే సంయుక్తాక్షరం ఏర్పడకుండా పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక విభాజకాన్ని పెడతాము; కుమార్‌ను తొలగించినా ఆ విభాజకం పేరు చివరే మిగిలిపోవచ్చు. మీ సందర్భంలో జరిగింది ఇదేనని నా అనుమానం. సంకేతాలన్నీ అచ్చంగా ఒకటేనా అని చూసే మూడు సమాన చిహ్నాలతో పోల్చితే, విభాజకం ఉన్న, లేని ఆ రెండు రాజేష్‌లూ వేరు. కొలేటర్ మాత్రం విభాజకాన్ని లెక్కలోకి తీసుకోదు. ఐత్వానికీ ఇటువంటి చిక్కే ఉన్నది: అది 3144 అనే ఒకే సంకేతంగానూ, 3142, 3158 అనే రెండు సంకేతాల జంటగానూ నిల్వ కావచ్చు. ‘నార్మలైజ్’ ఈ రెండింటినీ ఏకం చేస్తుంది కానీ విభాజకాన్ని తొలగించదు. పదం చివర ఉన్నదాన్ని నమోదు సమయంలోనే మీరు తీసివేయాలి.

అయితే సభ్యత్వ సంఖ్యలు, సంకేతపదాలు, ఫైళ్ల పేర్లు పోల్చేటప్పుడు భాషానియమాలను దయచేసి దగ్గరకు రానివ్వకండి. టర్కీ భాషానియమాల ప్రకారం ఇంగ్లిషు పెద్ద ‘ఐ’ని చిన్న అక్షరంగా మారిస్తే చుక్కలేని అక్షరం వస్తుంది; ఆ అమరిక ఉన్న కంప్యూటరులో, ఇతరచోట్ల సరిగ్గా నడిచిన ప్రోగ్రాములు కూడా తమ సొంత ఆదేశాలను గుర్తించలేకపోయిన సందర్భాలున్నాయి. అటువంటి చోట మీ పాత సంఖ్యల పోలికే సరైనది. ఇప్పటికే నమోదైన పేర్లను మాత్రం ఒకసారి శుభ్రపరిచి, ఆ తరువాతే వెతుకులాటను పరీక్షించండి.