‘క్యాన్’ అంటే కుదరదనుకున్నాడు!

ప్రశ్న: మాది కాకినాడ. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మొన్న కాల్‌లో అమెరికన్ క్లయింటుతో ‘ఐ క్యాన్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే’ అన్నాను. నావల్ల కాదంటున్నాననుకొని గడువు పెంచేశాడు. అమెరికన్ యాస నేర్పే కోర్సులో చేరమంటున్నారు స్నేహితులు. చేరాలా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: గడువు పెరిగింది కదా, ఆ మేరకు లాభమే అనుకోండమ్మా! కోర్సుకి మాత్రం తొందరపడకండి.

చిక్కంతా మీరు ‘క్యాన్’ని నిండుగా పలకడంలో ఉంది. అమెరికన్లు ఆ మాటను సగం మింగేసి ‘క్‌న్’ అంటారు, బరువు ‘ఫినిష్’ మీద వేస్తారు. చేయలేమని చెప్పేటప్పుడే ‘క్యాన్ట్’ని నొక్కుతారు. చివరి ‘ట్’ చాలాసార్లు బయటికి రాదు. మనమేమో బ్రిటిష్ పద్ధతిలో ‘కాంట్’ అని దీర్ఘం తీస్తాం కాబట్టి, ‘క్యాన్’ని ఎంత నొక్కినా మనలో మనకు తికమక ఉండదు. ఆయన చెవికి మాత్రం అలా నొక్కితే కుదరదన్నట్టే.

తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా మాటకు అర్థం మారదు. అందుకే ఇంగ్లీషులోని ఈ హెచ్చుతగ్గులు మన దృష్టికే రావు. ‘హోటల్’లో బరువు రెండో అక్షరం మీద ఉంటుందని బళ్లో ఎవరు చెప్పారు మనకు? భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించిన ఆర్.కె. బన్సల్ అధ్యయనం 1969లో మన హైదరాబాదు నుంచే వెలువడింది. మాటలో నొక్కవలసిన చోట నొక్కకపోవడాన్నే ఆయన పెద్ద అడ్డంకిగా చూపించారు.

కాబట్టి నాలుక మడిచి ‘ర్ర్’ అనడం పక్కన పెట్టండి. మీ వాక్యానికి మాటలు తీసేసి దరువు వేయండి: త త తాం త త, త తాం త. ‘తాం’ పడ్డవి ‘ఫి’, ‘ఫ్రై’. దరువు కుదిరాక మాటలు పెట్టి చెప్పండి. క్లయింటు కాల్ రికార్డింగు ఉంటే ఆయన వాక్యాలకూ ఇలాగే వేసి చూడండి. ఆయన మాట అర్థం కావడానికీ ఇదే దారి.

ఇంకొకటి. ‘పిన్’ అనేటప్పుడు పెదవుల ముందు పల్చటి కాగితం పెట్టుకోండి, అది కదలాలి. మన ‘ప’లో ఆ గాలి ఉండదు, వాళ్లకు ‘బిన్’ అని వినబడవచ్చు. అలాగని ‘ఫ’ అనకండి, మనం ఈమధ్య ‘ఫలం’ కూడా ‘ఫ్యాన్’లోని ‘ఫ’తోనే పలుకుతున్నాం!

ఇదంతా అలవాటయ్యేలోగా ‘యెస్, ఐ విల్’ అనండి. ‘క్యాన్’ గొడవే రాదు.