ట్రిబ్యునల్ కాదన్నాక మిగిలేది 35 రోజులు

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాము. కులాంతర వివాహం చేసుకున్నందుకు నా భార్య మేనమామ చంపుతానని బెదిరించాడు. స్వదేశంలో ప్రాణభయం ఉన్నవారికి ఆశ్రయమిచ్చే ప్రొటెక్షన్ వీసా కోసం మేం పెట్టిన దరఖాస్తును హోం అఫైర్స్ శాఖ తిరస్కరించింది. 12 రోజుల క్రితం, శాఖల నిర్ణయాలను తిరిగి పరిశీలించే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ కూడా కాదంది. బెదిరించిన మేనమామనూ, రాజీకి ప్రయత్నించిన బాబాయినీ ఇంటర్‌ప్రెటర్ ‘అంకుల్’ అనే చెప్పడంతో, నా మాటలు పొంతన లేనివని నిర్ణయంలో రాశారు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన బెదిరింపు ఉత్తరాలను కోర్టుకు చూపవచ్చా? పేర్లు బయటపడతాయా?

జవాబు: ముందు తేదీ చూసుకోండి. ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు రెండో డివిజన్‌లో దరఖాస్తు వేయడానికి 1958 నాటి మైగ్రేషన్ చట్టం 477వ సెక్షన్ ఇచ్చే గడువు 35 రోజులు. అది నిర్ణయం మీ చేతికందిన రోజు నుంచి కాక, ట్రిబ్యునల్ రాతపూర్వక నిర్ణయం తేదీ నుంచే నడుస్తుంది. గడువు దాటాక పొడిగింపు అడగవచ్చు గానీ, ఇవ్వడం న్యాయపాలన దృష్ట్యా అవసరమని కోర్టుకు తోస్తేనే ఇస్తుంది కనుక దాన్ని నమ్ముకోవద్దు.

కోర్టు తేల్చేది మీకు ప్రాణభయం ఉందా లేదా అన్నది కాదు, ట్రిబ్యునల్ తన అధికార పరిధికి లోబడి, చట్టప్రకారం నిర్ణయించిందా అన్నది. అందువల్ల కొత్త ఉత్తరాలను అక్కడ తూచరు. మీరు గెలిచినా కోర్టు వీసా ఇవ్వదు, కేసును తిరిగి ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ఆ ఉత్తరాలు పనికొచ్చేది అప్పుడే, కాబట్టి కవర్లతో సహా దాచిపెట్టండి.

మీ కేసుకు బలం ఆ ‘అంకుల్’ దగ్గరే ఉందని నా అభిప్రాయం. మన ఇళ్లలో మేనమామ, బాబాయి ఒకరు కారు, వాళ్ల పాత్రలూ ఒకటి కావు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి బెదిరించినవాడూ రాజీకి వచ్చినవాడూ ఒకే మనిషైపోయారు. అయితే అనువాద లోపం ఉన్నంత మాత్రాన చాలదు. ముఖ్యమైన విషయంలో మీ సాక్ష్యం ట్రిబ్యునల్‌కు సరిగా చేరలేదనీ, చేరి ఉంటే ఫలితం మారే వాస్తవమైన అవకాశం ఉండేదనీ చూపాలి. ఈ రెండో మెట్టు మరీ ఎత్తైనది కాదని ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2024లో ఎల్‌పీడీటీ కేసులో చెప్పింది. విచారణ ఆడియో తెప్పించుకుని, అర్హత గల అనువాదకుడి చేత మీ తెలుగు మాట, ఇంటర్‌ప్రెటర్ చెప్పిన మాట, సరైన అనువాదం పక్కపక్కన, నిమిషం సెకనుతో సహా రాయించి అఫిడవిట్‌కు జతచేయండి. నిర్ణయంలో ఏ పేరా ఆ పొరపాటు మీద నిలబడిందో గుర్తు పెట్టండి. మిమ్మల్ని నమ్మకపోవడానికి వేరే కారణాలు కూడా గట్టిగా రాసి ఉంటే మీ వాదన ఆ మేరకు పలచబడుతుంది.

కోర్టులో దరఖాస్తు వేసినంత మాత్రాన బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా) దానంతట అది పొడిగింపు కాదు, కొత్తదానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఓడితే సాధారణంగా, కేసులో ఎదుటి పక్షమైన ఇమిగ్రేషన్ మంత్రి తరఫు ఖర్చులు మీరే భరించాల్సి వస్తుంది. గెలిచే అవకాశం సహేతుకంగా ఉందని ధ్రువీకరించకుండా లాయరు మీ తరఫున ఈ కేసు వేయలేరు కూడా.

పేర్ల గురించి బెంగ పెట్టుకోవద్దు. ప్రొటెక్షన్ వీసా కేసుల్లో కోర్టులు దరఖాస్తుదారు పేరు ప్రచురించకూడదు. తీర్పులో మీకు బదులు అక్షరాల మారుపేరే కనిపిస్తుంది.