గింజ నుంచి మొలిచిందంటేనే అది నేపియర్ కాదు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. నల్లరేగడిలో ఎకరం సూపర్ నేపియర్ పశుగ్రాసం ఉంది. 2 గేదెలు, 3 ఆవులు. ఫిబ్రవరి నుంచి బోరు రోజుకు గంటే పోస్తోంది, 200 లీటర్ల డ్రమ్ము 2 నిమిషాల్లో నిండుతుంది. నేపియర్ కింది ఆకులు పసుపెక్కి ఎండుతుంటే తెగులని మందు రెండుసార్లు కొట్టాను. నీళ్లు లేకున్నా పెరిగే కొత్త నేపియర్ విత్తనం వచ్చిందని దుకాణంలో చెబితే మే చివర్లో 5 గుంటల్లో చల్లాను. మోకాలెత్తు వచ్చి, వానలు లేక ఇప్పుడు వాడిపోతోంది. కోసి వేయవచ్చా? ఇదే రకం ఎకరమంతా వేయమంటారా? – ఒక పాడి రైతు

జవాబు: ముందు ఆ 5 గుంటల వైపు పశువులను పోనివ్వకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన ఫొటోలో ఉన్నది జొన్న-సూడాన్ జాతి గడ్డిలా ఉంది. నేపియర్ మాత్రం కాదు. హైబ్రిడ్ నేపియర్‌ను సజ్జకూ ఏనుగు గడ్డికీ కలిపి తయారు చేశారు. సజ్జలో 14 క్రోమోజోములు, ఏనుగు గడ్డిలో 28, వాటి సంకరంలో 21. ఇవి సరిగ్గా జతపడవు కాబట్టి గింజ కట్టదు. అందుకే కణుపుల ముక్కలు గానీ, వేళ్లున్న పిలకలు గానీ నాటుకోవాలి. ప్యాకెట్లో గింజలు పోసి హైబ్రిడ్ నేపియర్ అని అమ్మారంటే అమ్మినవాడికి తెలియదు, లేదా తెలిసే అమ్మాడు. బిల్లు, ఖాళీ ప్యాకెట్ దాచి పెట్టుకోండి. తాలూకా వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

జొన్న జాతి లేతగా ఉండి ఎండకు వాడితే నాము (మేతలో పుట్టే సైనైడ్ విషం) పట్టే ప్రమాదం ఎక్కువ. మోకాలెత్తు గడ్డి, వాన లేదు, వాడుతోంది. ఇంతకన్నా చెడ్డ దశ లేదు. వాన పడగానే వచ్చే లేత పిలకలు కూడా అంతే. సగం మొక్కలు పూతకొచ్చాకే కోయండి. మేసిన పశువు రొప్పుతూ, నురగ కక్కుతూ, తూలి పడితే ఇంటి వైద్యం చూస్తూ కూర్చోకండి, నిమిషాల్లో ప్రాణం పోతుంది. పశువైద్యుడు సోడియం థయోసల్ఫేట్ సూదిమందు నరానికి ఇవ్వాలి. అది ఆయన దగ్గర ఉందో లేదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక తెగులు సంగతి. మీ నేపియర్‌కు తెగులు లేదు. పైఆకులు పచ్చగా ఉండి, కిందివి కొన నుంచి పసుపెక్కితే అది నత్రజని లోటు. ఉన్న కాస్త నత్రజనిని మొక్క కింది నుంచి లాగి పైకి ఇస్తోంది. నేల ఎండిపోయి వేరు కొత్తగా తీసుకోలేకపోతోంది. దీనికి తెగులు మందు ఏం చేస్తుంది? ఈ మాట వారానికి పది మందికి చెబుతున్నాను: పశుగ్రాసం మీద మందు కొట్టడమంటే పాలలో కొట్టుకోవడమే. మీరు కొట్టిన ఆ కోత మొత్తం పెంటకుప్పలో వేసి, తర్వాత వచ్చే కోతను మేపండి. ఈసారి దుకాణానికి ఆకు తీసుకెళ్లే ముందు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. అక్కడ ఎవరికీ డబ్బా అమ్మే అవసరం లేదు.

అసలు లెక్క మీరే రాశారు, చూసుకోలేదంతే. 2 నిమిషాలకు 200 లీటర్లంటే గంటకు 6 వేలు, 10 రోజులకు 60 వేలు. ఎకరానికి ఒక తడి, 5 సెంటీమీటర్ల లోతున ఇవ్వాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. వేసవిలో నేపియర్‌కు 10 రోజులకో తడి పడాలి. అంటే మీ బోరు మోయగలిగింది 12 గుంటలు. కాలువలో ఇంకిపోయేది తీసేస్తే 10 అనుకోండి. 40 గుంటలకు పంచితే అన్నీ ఎండుతాయి, మీ పొలంలో జరిగిందదే.

కొత్త రకం నీళ్లు లేకున్నా పెరుగుతుందని దుకాణంలో చెప్పారన్నారు. ఏ రకమూ అలా పెరగదు. ఆకు రంధ్రాలు తెరిస్తేనే గాలి లోపలికి పోతుంది, అదే దారిన నీరు బయటికి పోతుంది. నీరు మిగల్చడానికి రంధ్రాలు మూసుకుంటే పెరుగుదల కూడా ఆగుతుంది. గడ్డి రకాలు తయారు చేసేవాళ్లకు వచ్చే పెద్ద చిక్కు ఇదే. నీటిని బాగా పొదుపు చేసే మొక్కను ఏరితే చాలాసార్లు అది పొట్టిగా, తక్కువ మేత ఇచ్చేదిగా ఉంటుంది. అందుకని లోతుకు పోయే వేరు, చివరిదాకా పచ్చగా నిలిచే ఆకు, ఎండి కూడా వానకు మళ్లీ చిగిర్చే దుబ్బు చూసి ఎంచుతారు. పైగా జొన్న, సజ్జ, నేపియర్, అంజన్ గడ్డి ఇప్పటికే నీటిని పొదుపు చేసే జాతులు. 1910ల్లో అమెరికాలోని అక్రాన్‌లో బ్రిగ్స్, షాంట్జ్ కుండీల్లో తూచి చూశారు. కిలో ఎండు మేతకు జొన్న 300 చిల్లర లీటర్లు తాగితే లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం 800 పైచిలుకు తాగింది. కాబట్టి మీ నీళ్లతో లూసర్న్ జోలికి పోకండి.

చేయాల్సింది ఇది. నేపియర్ 10 గుంటలే ఉంచండి. దానికి రెండున్నర టన్నుల పెండ ఎరువు వేయండి. నేల మీద అరడుగు వదిలి 45 రోజులకోసారి కోయండి. కోత తర్వాత తడి ఇచ్చాకే 7.5 కిలోల యూరియా. ఎండు నేలలో యూరియా వేస్తే నైట్రేట్ మేతలో పేరుకుపోతుంది, అది నాముకు తోడు ఇంకో విషం.

మిగిలిన రేగడిలో వాన నిలదొక్కుకున్నాక మార్వెల్ గడ్డి పిలకలు 45×30 సెంటీమీటర్ల దూరంలో నాటండి. 10 గుంటలకు 7,500 పిలకలు పడతాయి. ఇది నల్లనేలలకు అలవాటైన గడ్డి. రాహురిలోని మహాత్మా ఫూలే కృషి విద్యాపీఠం దీనిలో మంచి రకాలిచ్చింది. పూత మొదట్లోనే కోసి ఎండబెట్టి వేసవికి దాచుకోండి.

మొరం చెలక ఉంటే అక్కడ అంజన్, ఎకరానికి 3 కిలోలు. గింజ కొత్తది వద్దు, 6 నుంచి 8 నెలలు నిల్వ ఉన్నదే మొలుస్తుంది. నూగుగా ఉండి గాలికి ఎగురుతుంది కాబట్టి తడి ఇసుకలో కలిపి చల్లండి, సెంటీమీటరు కన్నా లోతు వద్దు. అంజన్‌లో ఒక మేలుంది. దాని గింజలోని పిండం పరాగంతో కలవకుండానే ఏర్పడుతుంది, పిల్ల అచ్చం తల్లిలాగే ఉంటుంది. రకాలు సృష్టించేవాళ్లకు ఇదే తలనొప్పి, సంకరం చేయనివ్వదు. మీకు మాత్రం లాభమే. ఒక్కసారి కొంటే, తర్వాత మీ గింజే మీకు.

ఆ 5 గుంటల గడ్డి పూతకొచ్చాక కంకి ఫొటో పంపండి. అప్పటిదాకా పశువులకు కడబ (ఎండు జొన్న చొప్ప), సోయా పొట్టు వేయండి.