బొగ్గయిన గింజను బట్టి ఆనాటి వంట ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: వేల ఏళ్ల నాటి గింజలు దొరికితే ఏం తిన్నారో తెలుస్తుంది సరే, ఎలా వండారో ఎలా చెబుతారు?

ముందు ఒక మాట: పచ్చి గింజ మట్టిలో కుళ్లిపోతుంది. పొయ్యిలో పడి మాడినదే సాధారణంగా మనదాకా వస్తుంది. అంటే మనకు మిగిలింది చాలావరకు వాళ్ల పొరపాట్లే!

అసలు కిటుకు విరిగిన చోట ఉంది. కాలకముందే నూకగా విరిగిన గింజ అయితే, మంటకు లోపలి పిండి ఉబ్బి, విరిగిన ముఖం గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. కాలాక, తవ్వకంలోనో మరెప్పుడో విరిగితే ఆ ముఖం గరుకుగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద ఈ తేడా చూసి, గింజను ముందే దంచారా లేదా అన్నది అంచనా వేస్తారు. ఒకేచోట ఊక, పొట్టు కుప్పగా దొరికితే అక్కడ దంపుడు జరిగిందనుకోవచ్చు.

నూరుడు రాళ్ల సందుల్లో పిండి రేణువులూ చిక్కుకుంటాయి. పోలరైజ్డ్ కాంతిలో (ఒకే దిశలో కంపించేలా వడగట్టిన వెలుగులో) పచ్చి రేణువు మీద శిలువ గుర్తు కనిపిస్తుంది. నీళ్లతో ఉడికిస్తే అది చెదిరిపోతుంది. అయితే రేణువు వేరే కారణాల వల్ల కూడా పాడవుతుంది, కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయడం తొందరపాటే.

జోర్డాన్‌లోని షుబైకా 1 అనే తవ్వకాల స్థలంలో సుమారు 14,400 ఏళ్ల నాటి పొయ్యిల్లో మాడిన రొట్టె ముక్కలు దొరికాయి. అక్కడ వ్యవసాయం మొదలవడానికి దాదాపు 4,000 ఏళ్ల ముందే అడవి గింజల్ని పిండి చేసి, కలిపి, కాల్చారన్నమాట.