ఆయనకు చెప్పకుండా దాచిందే అసలు సమస్య

"పదిహేనేళ్ల మా అమ్మాయి రాత్రంతా ఫోన్‌తోనే ఉంటోంది. మూడు నెలలుగా బడి వేళకు కడుపునొప్పి అంటోంది, పరీక్షల్లో ఏమీ లేదన్నారు. బొమ్మలు వేయడం మానేసింది, అయినదానికీ కానిదానికీ తమ్ముడిపై విరుచుకుపడేది. ఈ వారం మాత్రం తన రంగుల పెట్టె వాడికే ఇచ్చేసి శాంతంగా ఉంటోంది. కోప్పడతారని మావారికి ఏదీ చెప్పలేదు. ఫోన్ మాన్పించేదెలా?" – ఒక తల్లి

అమ్మా, ఫోన్ సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. దాన్ని లాక్కున్నంత మాత్రాన పిల్లకు నిద్ర రాదు.

అమ్మాయి కుదుటపడిందని మీరు అనుకున్న చోటే నాకు భయం వేసింది. అంతవరకు కల్లోలంగా ఉన్న బిడ్డ హఠాత్తుగా శాంతించి, ప్రాణంగా దాచుకున్న వస్తువును ఇచ్చేయడం ఆత్మహత్య ఆలోచనలకు సూచన కావచ్చు. కాకపోనూవచ్చు, కానీ ఊహించుకుంటూ కూర్చోకుండా ఈ రోజే పక్కన కూర్చుని, "చనిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిరాధారమైనది. అవునంటే క్షణం కూడా ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని మందులూ పదునైన వస్తువులూ అందకుండా తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కాదన్నా సరే, ఒకటి రెండు రోజుల్లోనే మానసిక వైద్యులకు చూపించండి.

ఈ వయసులో కుంగుబాటు కన్నీళ్లుగానే కనిపించాలని లేదు. చాలామందిలో అది చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. ఆందోళన కడుపునొప్పిగా, తలనొప్పిగా, గుండెదడగా వస్తుంది, పరీక్షల్లో ఏమీ తేలనంత మాత్రాన ఆ నొప్పి నటన అయిపోదు. ఎదిగే వయసులో నిద్రవేళలు సహజంగానే ఆలస్యమవుతాయి, అలకలూ మామూలే. అయితే మార్పు రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ కొనసాగుతూ, చదువునూ ఇష్టాలనూ ఇంట్లోవాళ్లతో అనుబంధాన్నీ ఒక్కసారిగా దెబ్బతీస్తున్నప్పుడు దాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకోకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకూ మీవారికీ మధ్య ఉన్న భయమే ఈ ఇంటి ప్రధాన సమస్య అని నా అభిప్రాయం. భర్త కోపానికి జంకి బిడ్డ బాధను దాచడాన్ని నేను అణకువగా ఒప్పుకోలేను. అది ఆయన తండ్రిగా మోయవలసిన బాధ్యతను ఆయనకు అందకుండా చేయడమే. మనసులో మాట చెబితే గొడవ జరుగుతుందని ఆ పిల్ల మిమ్మల్ని చూసే నేర్చుకుని ఉంటుంది. పిల్లలు వినని వేళ చూసి ఆయనకు అన్నీ చెప్పండి. నీ పెంపకం వల్లేనని నింద వేస్తే తల వంచకండి, వాదనకూ దిగకండి. ఇది జబ్బు, వైద్యులను కలవాలి అని మాత్రమే అనండి. రానంటే మీరొక్కరే తీసుకువెళ్లండి, బిడ్డకు వైద్యం చేయించడానికి ఆయన అనుమతి కోసం ఎదురుచూడకండి. ఆయన కోపం చెయ్యి చేసుకునేదాకా వెళుతుంటే ఆ సంగతీ వైద్యులకు దాచవద్దు.

వైద్యులు అమ్మాయితో విడిగా మాట్లాడతామంటే అభ్యంతరపెట్టకండి. ముందు మాటల ద్వారా చేసే చికిత్స ఉంటుంది, అవసరమైతే మందులూ రాస్తారు. మందులు మొదలైన తొలి వారాల్లో బిడ్డ ధోరణిని కనిపెట్టి ఉండాలి, బాగుందనిపించగానే మీ అంతట మీరు ఆపకూడదు. ఇదంతా నెలల తరబడి ఒక్కరే మోయడం కష్టం కనుకనే ఆయనకు ఈ రాత్రే చెప్పమంటున్నాను.