పొడి ప్యాకెట్‌తో తీరే నొప్పి కాదు

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు వచ్చి తిరగబెడుతుండే జబ్బు). మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి చిన్నపేగు చివరి భాగం కొంత తీసేశారు. విరేచనాలు ఎక్కువైనప్పుడల్లా పాత చీటీ చూపించి మందుల షాపులో స్టిరాయిడ్ బిళ్లలు తెచ్చుకుంటాడు. ఎవరో చెప్పారని పాలు, పెరుగు మానేశాడు. ఇప్పుడు నడుము నొప్పి, అరికాళ్లలో తిమ్మిర్లు. ఏడాదిగా వారానికో విటమిన్ డి పొడి వేసుకుంటున్నా తగ్గలేదు. ఈ వయసులో ఎముకలు గుల్లబారతాయా డాక్టరు గారూ?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: గుల్లబారతాయమ్మా. కానీ ముందు ఆ తిమ్మిర్ల సంగతి చూడాలి. నరాలకు కావలసిన బి12 విటమిన్ ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే. మీవాడికి తీసేసింది అదే. 20 సెంటీమీటర్లకు మించి తీసి ఉంటే ఎన్ని గుడ్లు తిన్నా సరిగా ఒంటబట్టదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు కొన్నేళ్లకు గానీ బయటపడదు. ఎంత పేగు తీశారో డిశ్చార్జి కాగితాల్లో ఉంటుంది, వెతకండి. వెంటనే బి12 పరీక్ష చేయించండి. తక్కువుంటే ఇంజెక్షన్లే, బహుశా జీవితాంతం. 'బలానికి' అంటూ ఉత్త ఫోలిక్ యాసిడ్ బిళ్లలు మాత్రం వేయకండి. రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక ఎముకలు. పేగులో వాపు ఉన్నంతకాలం అదే ఎముకను తినేస్తుంది. దానికి స్టిరాయిడ్ తోడైంది. అది ఎముక కట్టే కణాలను అణిచేస్తుంది, పేగు కాల్షియం పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. అలాగని రేపే మానేయమనకండి. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డోసు తగ్గిస్తూ వేరే మందుకు మార్చడం గ్యాస్ట్రో డాక్టరు పని. షాపువాడి పని కాదు!

డి పొడి 60,000 యూనిట్లది అయ్యుంటుంది. సాధారణంగా అది కొన్ని వారాల కోర్సు. రక్త పరీక్ష లేకుండా ఏడాది వాడితే ఒంట్లో కాల్షియం మితిమీరి కిడ్నీలో రాళ్లు రావచ్చు. మనవాళ్లకు ఇదో చాక్లెట్ అయిపోయింది. విటమిన్ డి, కాల్షియం పరీక్షలు, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. నొప్పి వెన్నులో ఒకే చోట పొడిచినట్టుంటే ఎక్స్‌రే ఆలస్యం చేయొద్దు, వెన్నుపూస నొక్కుకుపోయి ఉండొచ్చు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వద్దు, పేగు జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. అంతవరకూ పారాసిటమాల్ చాలు.

పాలు తాగితే ఉబ్బరమైతే మానేయనివ్వండి, పెరుగు మాత్రం చాలామందికి పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పేగు ఇరుకైందని డాక్టరు చెప్పి ఉంటే పొట్టు పోయేలా పిండి జల్లించి జావ కాయండి. కాల్షియం, ఐరన్ బిళ్లలు రెండూ రాస్తే ఒకేసారి మింగొద్దు.

షాపులో కొన్న స్టిరాయిడ్ల లెక్క రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిడతారని దాచొద్దు, మందు మార్చడానికి ఆ లెక్కే కావాలి.